గిర్ని శ్రుతి

ఆ కుర్రవాడు గేటు తీసుకుని లోపలికి వచ్చినప్పుడు నా కోసమే వచ్చాడనుకున్నాను. జీవితమంతా దినపత్రికలో గడిపి ఇంట్లో కూర్చున్నవాణ్ణి వెతుక్కుంటూ అప్పుడప్పుడు ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. పాత ఎన్నికల సంగతులు అడుగుతారు, నేను చెబుతాను, కాఫీ తాగి వెళతారు. ఇతనూ అలాంటివాడే అనుకుని కుర్చీ చూపించాను. అతను కూర్చోకముందే, "సార్, వయొలిన్ మాణిక్యమ్మగారు మీకు బంధువులట గదా" అన్నాడు. కాఫీ తెమ్మని లోపలికి చెప్పబోతున్నవాణ్ణి ఆగిపోయాను.

అతను పాత గ్రామఫోను రికార్డులు సేకరిస్తాడట. ఖమ్మంలో ఒక పాత సామాన్ల దుకాణంలో అతనికి మాణిక్యం రికార్డు దొరికింది. మాణిక్యం మా మేనత్త కూతురు, నాకన్నా ఏడాది చిన్నది. ఆమె ఇచ్చింది ఆ ఒక్క రికార్డే. అప్పటికి ఆమె ఇంకా లంగా ఓణీల పిల్ల. అతను దాన్ని తుడిచి, గరగరలన్నీ తీసేసి, సీడీలోకి ఎక్కించి తెచ్చాడు. మా టీవీ కింద ఉన్న పెట్టెలో పెట్టి వినిపించాడు. ఒక వైపు కాంభోజి ఆలాపన, రెండో వైపు తానం. మృదంగం లేదు, తంబూరా లేదు, శ్రుతిపెట్టె కూడా లేదు. ఒక్క వయొలిన్, దాని చుట్టూ నిశ్శబ్దం. విన్నంతసేపూ అతను కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అయిపోయాక, "మొదటి రికార్డుకే పక్కవాద్యాలన్నీ వద్దని ఒంటరిగా కూర్చోవాలంటే ఎంత ధైర్యం కావాలి సార్? మధ్యమధ్య ఆ మౌనాలు చూశారా? పెద్దపెద్దవాళ్ళకే అట్లా ఆగడం చేతకాదు. ఆ ఆలోచన ఎవరిది?" అని అడిగాడు.

"ఆలోచన కాదు నాయనా, గిర్ని" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా కొంత చెప్పి పంపించాను. చెప్పనిదల్లా ఆ రికార్డంటే నాకున్న కుళ్ళు. ఇంటికి వచ్చిన అతిథితో మాట్లాడే సంగతి కాదది. ఇన్నేళ్ళ తరువాత కూడా కాంభోజి మొదటి పట్టు వినగానే అది మళ్ళీ లేచింది. మనవరాళ్ళున్న మనిషిని, పళ్ళు సగం కట్టించుకున్న మనిషిని, ఒక పదిహేనేళ్ళ పిల్ల మీద ఈర్ష్యపడుతూ సోఫాలో కూర్చున్నాను.

అవి పోలీసు చర్యకు ముందు, ఊళ్ళల్లో పరిస్థితులు బాగుండని రోజులు. పగలు ఒకరి భయం, చీకటి పడితే ఇంకొకరి భయం. గరిడేపల్లి దగ్గర మా పొలం చూసుకోవడానికి మాణిక్యం తండ్రి, మా మామయ్య, ఒక్కడే ఊళ్ళో ఉండి, మేనత్తను, మాణిక్యాన్ని మాతో సూర్యాపేటకు పంపించాడు. మా నాయన, అమ్మ, నాయనమ్మ, మేనత్త, మేమిద్దరం ఒక కిరాయి ఇంట్లో చేరాం. ఆ ఇంటికి వెనక గోడ, బియ్యం గిర్నికి, అంటే వడ్ల మిల్లుకు, పక్క గోడ ఒకటే. కిరాయి తక్కువ కావడానికి కారణం మొదటిరోజు మధ్యాహ్నమే తెలిసింది. గిర్ని మొదలు కాగానే గూట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గణగణమన్నాయి. సన్నటి తవుడు దుమ్ము కిటికీలోంచి వచ్చి నీళ్ళ కాగు మీద, మడతపెట్టిన బట్టల మీద, పెరుగు గిన్నె మీద పరుచుకునేది. నాయనమ్మ పాత చీరలన్నీ చింపి, ఇంట్లో ఉన్న ప్రతి గిన్నెకూ ఒక మూతగుడ్డ కట్టింది. ఊక పొయ్యి పొగ, తవుడు తియ్యటి వాసన, ఇంజన్ నూనె కమురు వాసన కలిసి మా అన్నంలో కూడా ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా వడ్లు ఆడిస్తున్న చోటికి వెళితే నాకు ముందు ఆకలి వేస్తుంది, తరువాత కోపం వస్తుంది.

ఇంజన్ డబడబలు వీధివైపు వినిపించేవి. గోడలోంచి మా వెనకగదిలోకి వచ్చేది వేరే శబ్దం. పెద్ద చక్రాల మీద పట్టా తిరిగే హోరు అది, ఒకే స్వరం మీద పట్టుకుని, ఊపిరి తీసుకోకుండా ఎవరో ఊఁకొడుతున్నట్టుగా ఉండేది. గంపతో వడ్లు పోసినప్పుడల్లా బరువుకు ఆ హోరు కొంచెం కిందికి కుంగి, నెమ్మదిగా మళ్ళీ తన చోటికి లేచేది. మొదట్లో మాకు తలనొప్పి వచ్చేది. తరువాత గిర్ని ఆగిన రోజు తలనొప్పి వచ్చేది.

మా ఇంట్లో ఉన్న వయొలిన్ ఒక్కటే. మా తాత ఎప్పుడో బెజవాడలో ఒక పెళ్ళికి వెళ్ళి, కచ్చేరి విని, ఆ మోజులో కొన్నది. వాయించడం ఆయనకు రాలేదు. గోడకు తగిలించుకుని చూసుకుంటూ పోయాడు. ఊరు వదిలి వచ్చేటప్పుడు నాయనమ్మ బియ్యం మూటతోపాటు దాన్ని కూడా బండిలో పెట్టించింది. నేను నేర్చుకుంటానన్నాను. వెంటనే మాణిక్యం కూడా నేర్చుకుంటానంది. "ముసలాయన సామాను, ఇద్దరు మనుమలది. పొద్దుగాల నువ్వు, పొద్దుమీకి అది" అని నాయనమ్మ పంచిపెట్టింది. పొద్దున మాణిక్యానికి ఎట్లాగూ తీరదు. నీళ్ళు తేవాలి, వాకిలి ఊడ్వాలి, మేనత్తకు వంటలో చెయ్యి అందించాలి. నేను బడికి వెళ్ళేలోపు వాయించుకోవాలి. కనుక ఆ పంపకం అందరికీ న్యాయంగానే తోచింది.

మాకు నేర్పింది సీతాపతి పంతులుగారు. కృష్ణా జిల్లా మనిషి, ఒక వ్యాపారస్తుల ఇంట్లో పిల్లలకు సంగీతం చెప్పడానికి సూర్యాపేట వచ్చి, ఇక్కడే నిలిచిపోయాడు. ఎండాకాలంలోనూ కోటు వేసుకునేవాడు. శిష్యుల్ని మెచ్చుకోవడం ఆయన పద్ధతిలో లేదు. సరిగా వాయిస్తే ఏమీ అనడు, తప్పు వాయిస్తే నశ్యం డబ్బీ తీస్తాడు. ఎంత పెద్ద తప్పయితే అంత పెద్ద పట్టు పీలుస్తాడు. నా పాఠం ముగిసేసరికి ఆయన ముక్కు ఎర్రబడి ఉండేది. మాణిక్యం పాఠం సాయంత్రం. నేను బడి నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ, ముందు ఆయన చేతుల వైపు చూసేవాణ్ణి. డబ్బీ మూసి మోకాలి పక్కన పెట్టి ఉండేది. కొన్నాళ్ళకు ఆమె పాఠానికి దాన్ని కోటు జేబులోంచి తీయడమే మానేశాడు. నా ఈర్ష్యకు పుట్టిన చోటు ఏదని అడిగితే, ఆ జేబు అని చెబుతాను.

ఇక శ్రుతి సంగతి. పంతులుగారు మా ఇంట్లో ఒక శ్రుతిపెట్టె ఉంచాడు. దాని తిత్తిని ఒకరు చేత్తో ఆడిస్తూ ఉంటే తప్ప అది పలకదు. పొద్దున నేను వాయించుకునేటప్పుడు మాణిక్యం నీళ్ళ బిందె దింపి, తడి చేతులు లంగాకు తుడుచుకుని, నా పక్కన కూర్చుని ఆ పెట్టె ఆడించేది. మధ్యాహ్నం, సాయంత్రం పాఠానికి ముందు, ఆమె వాయించుకునే వేళకు ఆడించేవాళ్ళెవరూ ఉండరు. నేను బడిలో, నాయన పనికి కుదిరిన దుకాణంలో, ఆడవాళ్ళు ఇంటిపనిలో. అందుకని ఆమె గోడవైపు తిరిగి కూర్చుని, గిర్ని హోరునే శ్రుతిగా పెట్టుకుని తీగలు కట్టుకునేది. గిర్ని ఆమె కోసం అలుపు లేకుండా ఊఁకొట్టేది. వడ్లు పోసినప్పుడు అది కుంగితే, కమాను తీగ మీదే ఆపి, మళ్ళీ అది తన స్వరానికి వచ్చేదాకా ఎదురుచూసి, అప్పుడు ముందుకు పోయేది.

ప్రతి పొద్దునా నాకు వయొలిన్ గిర్ని శ్రుతిలో దొరికేది. బిరడలు తిప్పి, పెట్టె శ్రుతికి తెచ్చుకునేవాణ్ణి. ప్రతి మధ్యాహ్నం ఆమె వాటిని మళ్ళీ తిప్పేది. ఇట్లా రోజూ బిగించీ వదిలీ తీగలు తరచుగా తెగిపోయేవి. ఎవరి చేతిలో తెగితే వాళ్ళదే తప్పు అని మా మధ్య ఒక చట్టం ఉండేది. పంతులుగారు మొదటిసారి ఆమె శ్రుతి పట్టించుకున్నప్పుడు నేనూ ఇంట్లోనే ఉన్నాను.

"ఇదేం శ్రుతమ్మా? ఒకటిన్నర కాదు, రెండూ కాదు. మధ్యలో ఎక్కడో వేలాడుతోందేం?" అన్నాడాయన.

"గిర్ని శ్రుతి పంతులుగారూ."

"గిర్నికి శ్రుతేవిటే పిచ్చిదానా?"

"జర గోడకు చెవి పెట్టి వినుండ్రి."

ఆయన నిజంగానే లేచి, కోటు తవుడయిపోతుందని కూడా చూడకుండా గోడకు చెవి ఆనించాడు. చాలాసేపు విన్నాడు. తరువాత నావైపు తిరిగి, "ఉందోయ్" అన్నాడు, ఆ గోడ అవతల ఎవరో గొప్ప విద్వాంసుడు కూర్చున్నట్టు. ఆమెను శ్రుతి మార్చుకోమని గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు. నేను అదే పని చేస్తే డబ్బీ సగం ఖాళీ అయ్యేది.

నాయనమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ మా ఇద్దరి వాయింపూ వినేది. ఆమెకు రాగం తెలియదు, తాళం తెలియదు. ఒకసారి, "ఎవరిది మంచిగుంది నాయనమ్మా?" అని అడిగాను. "నీది సదువు లెక్కుంటది. దానిది ఏడ్పు లెక్కుంటది" అంది. చదువే గొప్పదని ఆ రోజుకు సంతోషించాను. పడుకోబోయే ముందు మళ్ళీ ఆలోచిస్తే సంతోషం పోయింది.

పోలీసు చర్య అయిపోయి, దారులు తెరుచుకుని, బెజవాడ రోడ్డు మీద బస్సులు మామూలుగా తిరగడం మొదలుపెట్టాక, ఒకరోజు పంతులుగారు కొత్త కబురుతో వచ్చాడు. ఒక గ్రామఫోను కంపెనీ వాళ్ళు యంత్రాలు వేసుకుని ఊళ్ళు తిరుగుతున్నారు, కోదాడలో రికార్డులు అమ్మే షావుకారు గోదాములో కొద్దిరోజులు మకాం ఉంటారు. ఇటువైపు నుంచి చిన్నవయసు వాళ్ళది ఒక్క వయొలిన్ రికార్డు తీస్తామన్నారు. "ఇద్దర్నీ తీసుకెళతాను. ఎవరిది బాగుంటే వాళ్ళది తీస్తారు" అన్నాడు పంతులుగారు. ఆ ఒక్క మాటతో మా ఇల్లు రెండయింది. అమ్మ నాకు పాలు ఎక్కువ పోయడం, మేనత్త మాణిక్యం చేతులకు నూనె రాయడం, ఇద్దరూ ఒకరికొకరు కనబడకుండా చెయ్యడం నాకు తెలుసు. అప్పటికి నాకు ప్రపంచంలో కావలసింది మరేమీ లేదు. నల్లటి పళ్ళెం, దాని నడుమ గుండ్రటి కాగితం, ఆ కాగితం మీద నా పేరు.

ఎదురింటావిడ వచ్చి, "ఆడివిల్లను తీస్కపోయి పెట్టె ముందర కూసుండవెడ్తరా? మంచిగుంటదా?" అంది. నాయనమ్మ రాళ్ళు ఏరడం ఆపకుండానే, "పెట్టెకు కండ్లుంటయా? చెవులే గద ఉండేది" అంది. ఆ ఒక్క జవాబుతో మాణిక్యం ప్రయాణం ఖాయమైంది. నాకు తోడుగా పంతులుగారు, ఆమెకు తోడుగా నాయనమ్మ. వయొలిన్‌ను పాత శాలువాలో చుట్టి, బస్సులో ఇద్దరి ఒళ్ళో చెరి సగం పడుకోబెట్టుకుని వెళ్ళాం.

గోదాములో గోడలకు గోనెసంచులు వేలాడదీశారు. మధ్యలో ఒక ఇనపకర్రకు తగిలించిన మైకు. తడికె వెనక యంత్రం, దాని మీద మందపాటి మైనపు పళ్ళెం. యంత్రం నడిపేది మద్రాసు నుంచి వచ్చిన ఒక బక్కపలచని మనిషి. తాను చెయ్యి ఎత్తితే మొదలుపెట్టాలి, కండువా ఊపితే ముగించాలి, మధ్యలో దగ్గకూడదు, అంతే అన్నాడు. పంతులుగారు ఏళ్ళ తరబడి కచ్చేరీలు చేసిన మనిషి, ఆయనకు ఒక్క రికార్డూ లేదు. చేతులు వెనక్కి కట్టుకుని మైకు చుట్టూ ఒకసారి తిరిగాడు. షావుకారు అది చూసి, "మీరూ ఒకటి వాయించరాదా మాస్టారూ" అన్నాడు. "నాకు చేతులు వణుకుతున్నాయి లెండి" అన్నాడాయన. ఆయన చేతులు వణకడం నేను ఎన్నడూ చూడలేదు. ఆ గోదాములో ఈర్ష్యపడుతున్నది నేనొక్కణ్ణే కాదని అప్పుడే అనిపించింది, అది కొంత ధైర్యంగా కూడా ఉండింది.

మొదట మాణిక్యాన్ని కూర్చోబెట్టారు. కంపెనీ వాళ్ళ వెంట వచ్చిన మృదంగం ఆయన తన వాద్యం తట్టి చూసుకుని, అమ్మాయి వయొలిన్ పలికించగానే ముఖం చిట్లించాడు. రాయితో అంచు కొట్టి శ్రుతి పెంచబోయాడు, చాలలేదు. "ఇంకా కొడితే తోలు పోతుందండీ. పాపనే నా శ్రుతికి రమ్మనండి" అన్నాడు. పంతులుగారు బిరడలు తిప్పి సరిచేశాడు. ఆమె మొదలుపెట్టింది. నాలుగు పట్లు పోకముందే వేళ్ళు జారడం మొదలైంది. మృదంగం ఒక శ్రుతిలో ఉంటే ఆమె చెవిలో ఇంకొకటి తిరుగుతోంది. ప్రతి స్వరాన్నీ తెలియకుండానే గిర్ని వైపు లాక్కుపోతోంది. ఆపి మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అంతే. ఆమె ముక్కుపుట మీద చెమట చుక్కలు, కళ్ళల్లో నీళ్ళు. పంతులుగారు జేబులోకి చెయ్యి పెట్టి డబ్బీ తీశాడు. ఆమె ఎదుట ఆయన నశ్యం పీల్చడం చాలాకాలం తరువాత చూశాను. ఆ ఘాటు నాకు అగరొత్తుల వాసన లాగా తోచింది.

తరువాత నన్ను కూర్చోబెట్టారు. నా శ్రుతి, మృదంగం శ్రుతి ఇట్టే కలిశాయి. మోహనలో ఒక కీర్తన వాయించాను. నేను అంత బాగా అంతకుముందు వాయించలేదు, తరువాతా వాయించలేదు. కండువా ఊపగానే మృదంగం ఆయన ముక్తాయింపు ఇచ్చి, నా భుజం తట్టాడు. యంత్రం మనిషి, "విందాం" అన్నాడు. అప్పటి పద్ధతి ఏమిటంటే, మైనం మీద గీసినదాన్ని అక్కడికక్కడే మోగించి వింటే ఆ సన్నటి గాడి అరిగిపోతుంది, అది రికార్డు తీయడానికి ఇక పనికిరాదు. అచ్చుకు పంపదలచుకున్న పళ్ళేన్ని వినరు. ఆ సంగతి నాకు తెలియదు. పెట్టెలోంచి నా వయొలిన్ నాకే వినిపిస్తుంటే, ఎవరో పెద్ద విద్వాంసుణ్ణి వింటున్నట్టు నోరు తెరుచుకుని నిలబడ్డాను.

"శుభ్రంగా ఉంది" అన్నాడతను. కొంచెం ఆగి, పంతులుగారితో, "ఇట్లా శుభ్రంగా వాయించే పిల్లలు బెజవాడలో చాలామంది ఉన్నారండీ" అన్నాడు. తరువాత గోనెసంచుల పక్కన నాయనమ్మను ఆనుకుని కూర్చున్న మాణిక్యం వైపు తిరిగాడు. "పాపా, నీకు ఇష్టమొచ్చినట్టు కట్టుకుని, ఒక్కదానివే వాయిస్తావా? మృదంగం ఆయన వెళ్ళి కాఫీ తాగొస్తారు."

ఆమె లేచి వచ్చి నా చేతుల్లోంచి వయొలిన్ తీసుకుంది. నా ముఖం చూడలేదు. బిరడలు తిప్పింది. గోడ లేదు, గిర్ని లేదు. తలలో ఉన్న హోరును వింటూ తీగలు కట్టుకుంది. యంత్రం మనిషి చెయ్యి ఎత్తగానే కాంభోజి మొదలుపెట్టింది. అది ఎట్లా ఉందో రాయడం నాకు చేతకాదు, ఇష్టమూ లేదు. మధ్యమధ్య కమాను తీగ మీదే ఆపి, ఎదురుచూసి, మళ్ళీ సాగింది. యంత్రం మనిషి ఆ ఖాళీల్లో కండువా పట్టుకుని బొమ్మలా నిలబడిపోయాడు. పంతులుగారు కళ్ళు మూసుకున్నాడు. ఆ పళ్ళేన్ని ఎవరూ వినలేదు. మెత్తటి దూదిలో పెట్టి, పెట్టెలో దాచారు. రెండో వైపుకు మంచి మైనం మిగల్లేదన్నారు. నా పళ్ళేన్ని యంత్రం మీద పెట్టి పైపొర చెక్కి, నున్నగా చేసి, ఆమె తానం దాని మీద తీశారు. నా మోహన సన్నటి పోగులుగా కింద పడింది. గోదాము ఊడ్చేవాడు వాటిని మిగతా చెత్తతో కలిపి ఎత్తుకుపోయాడు.

తిరుగు బస్సులో నాయనమ్మ మాత్రం మామూలుగానే ఉంది. "నడుమ నడుమ గా ఆగుడేందే? మర్సిపోయినవా?" అంది.

"మర్సిపోలే అమ్మమ్మా. వడ్లు పోసినప్పుడు ఆగుత గద. అలవాటయింది" అంది మాణిక్యం.

పంతులుగారు ముందు సీట్లోంచి తిరిగి చూసి, నవ్వాడు. ఆయన నవ్వగా చూసింది ఆ ఒక్కసారే. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. వయొలిన్ ఆ సాయంత్రం పూర్తిగా ఆమె ఒళ్ళోనే ఉంది.

రికార్డు బయటికి వచ్చేనాటికి నన్ను మిర్యాలగూడలో చిన్నాన్న ఇంట్లో ఉంచి చదివిస్తున్నారు. అక్కడ స్టేషను దగ్గర చాయ్ హోటల్లో ఒక గ్రామఫోను ఉండేది. చిన్నాన్న నన్ను వెంటబెట్టుకుని ఒకసారి అక్కడికి వెళ్ళినప్పుడు, యజమాని కొత్త రికార్డంటూ పెట్టాడు. మొదటి పట్టుకే నాకు తెలిసిపోయింది. మాడుగులపల్లి నుంచి వడ్ల బండి తోలుకొచ్చిన ఒకతను సాసర్లో చాయ్ పోసుకుంటూ, "మద్దెల ఏదయ్యా? సగం రికార్డే కొన్నవా?" అన్నాడు. అందరూ నవ్వారు, అందరికన్నా గట్టిగా నేను నవ్వాను. తరువాత మొదటి ఖాళీ వచ్చింది. సాసరు పెదవుల దగ్గర పెట్టుకున్న అతను తాగకుండా ఆగాడు. వయొలిన్ మళ్ళీ ఎత్తుకున్నాక గానీ అతను గుటక వెయ్యలేదు. అయిపోయాక, "గింకోపాలి పెట్టు" అన్నాడు. చిన్నాన్న సంతోషం పట్టలేక, "మా పిల్లనేనయ్యా, వీని మరదలు" అని నన్ను చూపించాడు. హోటల్లో అందరూ నన్ను చూశారు. ఆ రికార్డు వల్ల నాకు దక్కిన కీర్తి అంతవరకే.

ఆమెకు కోదాడ సంబంధం కుదిరింది. అత్తవారింట్లో పాతిక మంది మనుషులు, పొలం, పాడి. వయొలిన్ వెంట పంపాలని ఎవరికీ తోచలేదు, ఆమె కూడా అడగలేదు. పొద్దునా సాయంత్రం రెండు పూటలా అది నాదే అయింది. తీసి, శ్రుతి చేసుకుని, కమాను ఆనించగానే, అవతల ఎవరో బిరడలు తిప్పడానికి ఎదురుచూడడం లేదన్న సంగతి గుర్తొచ్చేది. తీగలు తెగడం మానేశాయి. కొన్నాళ్ళకు నేను వాయించడం మానేశాను. హైదరాబాదు వచ్చి పత్రికలో చేరాను. అక్కడ రాసినదాన్ని జాగాకు సరిపడా కత్తిరించేవాళ్ళు, నాకది కొత్తగా అనిపించలేదు. వేల పొద్దులు నా పేరు అచ్చయింది. వాటిలో ఒక్కటీ నల్లటి పళ్ళెం నడుమ గుండ్రంగా తిరగలేదు.

ఆ కుర్రవాడు ఇచ్చిన సీడీ ఆమెకు ఇవ్వాలి గనుక, ఈ ఎండలు తగ్గాక కోదాడ వెళ్ళాను. ఇప్పుడు సూర్యాపేట దాటడమే తెలియదు, పెద్ద రోడ్డు ఊరిని పక్కన పెట్టి పోతుంది. గిర్ని ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణాలు వచ్చాయట, దిగి చూడలేదు. మాణిక్యం కూతురి దగ్గర ఉంటుంది. ఆ ఇంట్లో ఆమె మనవరాలు కూడా ఏదో పాట నేర్చుకుంటోంది. చిన్న కరెంటు డబ్బా ఒకటి పక్కన పెట్టుకుని మీట నొక్కితే తంబూరా దానంతటదే మోగుతోంది, ఎవరి చెయ్యీ నొప్పి పుట్టదు. కోదాడలో ఇన్నేళ్ళున్నాక మాణిక్యం మాటలో కృష్ణా జిల్లా కొంత చేరింది, నాతో మాట్లాడితే మాత్రం మళ్ళీ పాత సూర్యాపేటే. సీడీ పెట్టించాను. మంచం మీద కాళ్ళు ముడుచుకుని, తల ఒక పక్కకు వంచి వింది. మొదటి ఖాళీ దగ్గర ఆమె పెదవులు కదిలాయి.

"గరగర తీసేసిండ్రా? గరగర ఉంటెనే మంచిగుండె" అంది అయిపోయాక.

ఆ కుర్రవాడి మాటలు చెప్పాను. ఒంటరిగా వాయించడానికి ఎంత ధైర్యం కావాలో అన్నాడని చెప్పాను. ఆమె బోసినోటితో నవ్వింది.

"ధైర్యమా? కుళ్ళు బావా, కుళ్ళు" అంది.

నాకు ఒక క్షణం ఆమె నా గురించి అంటోందేమోననిపించింది.

"పొద్దుగాల లేస్తె నీకు పెట్టె ఆడియ్యాలె. నువ్వు తప్పు వాయిస్తె నా పాణం నిమ్మళం. ఒప్పు వాయిస్తె నా చెయ్యి గుంజేది. గా దినం గోదాముల నువ్వు మద్దెలతోని వాయిస్తివి సూడు, గంత మంచిగ ఎన్నడు వాయించలే నువ్వు. నీ తీగ తెగాలని మొక్కుకున్న. తెగలే. మల్ల పెట్టెల నుంచి గూడ వినిపిచ్చిరి. నీ మొఖం జూస్తె ఎలిగిపోతున్నది. నాకు కడుపుల మంట. ఇగ పోయేదేముందని నీ చేతులకెల్లి గుంజుకున్న. కాంభోజి గాదు గీంభోజి గాదు, అదంత నీ మీది కోపమే."

ఆమె మనవరాలు పక్కగదిలో తంబూరా ఆపింది. నేను చేతిలో ఉన్న మంచినీళ్ళ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాను. నా మోహన విని ఒక మనిషి అంత మండిపోయిందన్న మాట ముందుగా తియ్యగానే తాకింది. ఇన్నేళ్ళలో నా వాయింపుకు దొరికిన మెప్పు అదొక్కటే, అది కూడా ఆమె నోట. కానీ ఆ తీపి గొంతు దిగకముందే ఇంకో సంగతి తట్టింది. ఒకే గోదాములో, ఒకే పూట, ఇద్దరికీ ఉన్నది ఒకటే మంట. ఆమె దాన్ని కమానుకు ఎక్కించింది. నేను దాన్ని బస్సు కిటికీ వైపు తిప్పుకున్నాను.

"నీకు గూడ ఉండెనా బావా, నా మీద?" అంది.

"నాకెందుకుంటది" అన్నాను.

"అవు, నీకు లేదు. నాకెరుకనే" అంది మాణిక్యం మామూలుగా, దుప్పటి కాళ్ళ మీదికి లాక్కుంటూ. "ఉంటె నువ్వు గూడ వాయించేటోనివి."